నలుపు తగ్గితే బంగారమా?

చెన్నై శివార్లలో వెంట్రుకలు శుద్ధి చేసే షెడ్లున్నాయి. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించిన తలనీలాలు వేలంలో అమ్ముడై, కొంత భాగం ఇలాంటి షెడ్లకు చేరుతుంది. మన ఏలూరులోనూ ఇదే వ్యాపారం ఉంది. బల్లకు బిగించిన ఇనుప ముళ్ల మీదుగా ఆడవాళ్లు పిడికెడు పిడికెడు వెంట్రుకలు లాగి చిక్కు తీస్తారు. మొదళ్లన్నీ ఒకవైపు, కొసలన్నీ మరోవైపు వచ్చేలా సర్ది, పొడవును బట్టి కట్టలు కడతారు. ఎగుమతయ్యే కట్టల్లో కొన్ని నల్లగానే ఉండిపోతాయి. మరికొన్నింటి నలుపును రసాయనాలతో తీసేసి, లేత పసుపు, గోధుమ ఛాయలు పట్టిస్తారు. తిరుమలలో మొక్కు తీర్చుకున్న ఒక రైతు ఇల్లాలి జడ, ఐరోపాలో ఎవరి తలమీదనో బంగారు రంగు సవరమవుతుంది. ఈ పనిలో ముందు జరిగేది రంగు చేర్చడం కాదు, ఉన్న రంగును తీసేయడం. ప్రకృతి కూడా బంగారు జుట్టును దాదాపు ఇలాగే తయారు చేస్తుంది.

మన జుట్టుకు నలుపునిచ్చే పదార్థం యూమెలనిన్. వెంట్రుక కుదురులోని కణాలు దాన్ని తయారు చేసి, పెరుగుతున్న వెంట్రుకలోకి పంపుతాయి. ఆ సరఫరా బాగా తగ్గితే జుట్టు పసుపు వన్నెకు తిరుగుతుంది. అంటే బంగారు జుట్టులో మన జుట్టులో లేని ప్రత్యేక పదార్థమేదీ లేదు. దీన్ని సంపదగా చూడాలా, లోటుగా చూడాలా? శాస్త్రం ఈ రెండు మాటల్లో దేన్నీ వాడదు. వాడేది మనమే.

సరఫరా ఎలా తగ్గుతుంది? ఉత్తర ఐరోపా వాసుల విషయంలో 2014లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ కింగ్స్లీ బృందం ఒక కారణాన్ని చూపింది. కిట్‌ఎల్‌జీ అనే జన్యువుకు సుమారు 3,50,000 డీఎన్‌ఏ అక్షరాల దూరంలో ఒక్క అక్షరం మారింది. ఆ మార్పు జన్యువును ఆపెయ్యదు. కుళాయిని కాస్త బిగించినట్టు, వెంట్రుక కుదుళ్లలో మాత్రం దాని పనిని సుమారు 20 శాతం తగ్గిస్తుంది. ఇదే జన్యువు రక్తకణాలు తయారు కావడానికీ అవసరం. ఆ పనికి ఈ మార్పు అడ్డురాదు. జుట్టు రంగును ఇదొక్కటే నిర్ణయిస్తుందని అనుకోకూడదు. ఐరోపా సంతతి వారి జుట్టు రంగులో వందకు పైగా జన్యు స్థానాలకు పాత్ర ఉందని 2018లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. కాని ఈ ఒక్క మార్పు సంగతే మనల్ని ఆలోచనలో పడేస్తుంది. బంగారు జుట్టు చూసి మనిషి తెలివిని, గుణాన్ని, వంశాన్ని ఊహించే అలవాటు లోకంలో ఎంతో పాతది. ఆ అక్షరానికేమో వెంట్రుక దాటి మరో సంగతి తెలియదు.

ఇక పసిఫిక్ సముద్రంలోని సాలమన్ దీవులకు వెళ్దాం. అక్కడివారి మేను మనకంటే నలుపు. అయినా వారిలో 5 నుంచి 10 శాతం మందికి పుట్టుకతోనే బంగారు జుట్టు. ఎండవల్ల అన్నారు, చేపల తిండివల్ల అన్నారు, ఎప్పుడో వచ్చిపోయిన తెల్ల నావికుల సంతతి అన్నారు. 2012లో సైన్స్ పత్రికలో అచ్చయిన పరిశోధన ఈ ఊహలన్నిటినీ పక్కన పెట్టింది. అక్కడి కారణం వేరు: టీవైఆర్‌పీ1 అనే మరో జన్యువులో మరో అక్షరం మారింది. ఐరోపాలో ఆ మార్పు లేనే లేదు. ఒకే రూపం రెండు చోట్ల, సంబంధం లేని రెండు దారుల్లో పుట్టింది.

దీనికి సరిగ్గా ఎదురైన ఉదాహరణ మన హైదరాబాదులోనే దొరికింది. చర్మం రంగుమీద అక్కడి సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మరికొందరితో కలిసి చేసిన పరిశోధన 2013లో వెలువడింది. ఎస్‌ఎల్‌సీ24ఏ5 అనే జన్యువులో మేనిఛాయను తేలిక చేసే మార్పు ఒకటుంది. అది ఐరోపావారిలోనూ ఉంది, దక్షిణాదివారితో సహా మనలో ఎందరిలోనో ఉంది. అది రెండుచోట్ల విడివిడిగా పుట్టలేదు, ఒకే మూలం నుంచి వచ్చింది. ఒకే రంగు జుట్టున్నవారిలో దాని కారణాలు వేరువేరు. ఏ పోలికా కనిపించనివారిలో మేనిఛాయ తేలికపడే కారణం ఒకటే. రూపం చూసి చుట్టరికం కలపడం, తెంచడం ఎంత పొరపాటో ఈ రెండు పరిశోధనలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. పుట్టుకతో గొప్పవాడవుతాడా, నడతతోనా అని ఇద్దరు యువకులు అడిగినప్పుడు బుద్ధుడు చెప్పిన సమాధానం వాసెట్ఠ సుత్తంలో ఉంది. చెట్లకు, పాములకు, పక్షులకు జాతిని తెలిపే గుర్తులున్నాయి గాని, మనుషుల జుట్టులోనో, కళ్లలోనో అలాంటి గుర్తు లేదన్నది ఆయన వాదన. జన్యుశాస్త్రం లేని కాలంలో, కళ్లతో చూసి, బుద్ధితో తర్కించి ఆయన అంతదూరం రాగలిగాడు.

సరే, అరుదైనది కాబట్టి విలువైనది అందామా? ఈ మాటనూ పరీక్షించాలి. ఫిన్లాండులో బంగారు జుట్టు వింత కాదు, చెన్నైలో వింత. అంటే అరుదనం జుట్టులో లేదు, మనం నిలబడిన చోట ఉంది. పైగా కంటికి కనిపించకపోవడం, లేకపోవడం ఒకటి కాదు. సాలమన్ దీవులవారి టీవైఆర్‌పీ1 జన్యు ప్రతుల్లో మారిన అక్షరం వాటా 26 శాతం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ అందితేనే జుట్టు రంగు మారుతుంది. లెక్క కడితే అలాంటివారు 7 శాతం. ఒక్కటే అందినవారు 38 శాతం. అంటే నల్ల జుట్టుతోనే ఆ అక్షరాన్ని మోస్తున్నవారు బంగారు జుట్టువారికి అయిదు రెట్లకు పైనే. 2002లో, రెండు వందల ఏళ్లలో బంగారు జుట్టు అంతరించిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చినట్టు పెద్ద పెద్ద వార్తాసంస్థలే ప్రకటించాయి. అలాంటి అధ్యయనమేదీ తాము చేయలేదని ఆ సంస్థ ఖండించింది. దాగి ఉండే జన్యువు దాగినంత మాత్రాన నశించదని తెలిసుంటే ఆ వార్త పుట్టేదే కాదు. అరుదైన జబ్బును ఎవరూ కోరుకోరన్నదీ గుర్తుంచుకుందాం. కొరత ఒక్కటే దేనికీ విలువ కట్టలేదు.

మన మధ్యనే పుట్టే లేత రంగు జుట్టు పిల్లల సంగతి ఇక్కడే చెప్పాలి. ఆల్బినిజంతో, అంటే ఒంట్లో రంగు పదార్థం సరిగా తయారుకాని స్థితితో, పుట్టిన బిడ్డ జుట్టు సాధారణంగా తెల్లగానో, లేత బంగారు రంగులోనో ఉంటుంది. ప్రపంచం మొత్తం మీద సుమారు 17,000 మందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. సాలమన్ దీవుల్లో జుట్టును మాత్రమే మార్చిన టీవైఆర్‌పీ1 జన్యువే, మరో చోట దెబ్బతింటే ఒక రకం ఆల్బినిజానికి కారణమవుతుంది. అప్పుడు కంటి నిర్మాణం కూడా మారుతుంది. ఆ పిల్లల కనుపాపలు అటూ ఇటూ వణుకుతుంటాయి. నోటుపుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని చదువుతారు. మిట్టమధ్యాహ్నం బడి ఆవరణలోకి వస్తే కళ్లు చికిలించి, చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. చెన్నై టీ నగర్ పార్లర్లో వేలు పోసి జుట్టుకు బంగారు చారలు వేయించుకుంటే బాగుందంటాం. అదే రంగుతో పుట్టిన పిల్లను చూసి జాలిపడతాం, లేదా తల తిప్పుకుంటాం. మొదటిది ఎంచుకున్నది, రెండోది తప్పనిది, అందుకే ఈ తేడా అనవచ్చు. కాని స్వీడన్ నుంచి వచ్చిన పర్యాటకురాలు తన జుట్టును ఎంచుకోలేదు, అయినా ఆమెను మెచ్చుకుంటూ చూస్తాం. కాబట్టి ఆ సమాధానం నిలవదు. మరి ఈ చూపు ఎక్కడి నుంచి వచ్చింది? 1639లో స్థానిక పాలకుడు దామెర్ల వెంకటాద్రి నాయకుడు చెన్నై తీరంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి చోటిచ్చాక, ఏలినవారి రంగే అందమనిపించడం మొదలైందా? కొంత నిజం కావచ్చు. అంతకుముందు తెలుపు మీద మోజు లేదని మాత్రం చెప్పలేం.

పూర్వజన్మ కర్మవల్లే ఈ పిల్లలు ఇలా పుట్టారని కొందరు నమ్ముతారు. ఆ నమ్మకాన్ని మనం రుజువు చేయలేం, కాదనీ తేల్చలేం. కాని నమ్మేవారిని ఒకటి అడగవచ్చు: ఆ బిడ్డ గతజన్మలో ఏం చేసిందో మనకు తెలియదు, ఆ బిడ్డను వెక్కిరించడం మాత్రం ఈ జన్మలో మన కళ్లముందు, మన చేతులతో చేసే కర్మ కాదా? తల్లిని నిందించే ఇళ్లకు జన్యుశాస్త్రం చెప్పే మాట ఇంకా సూటిగా ఉంది. ఆల్బినిజంలో ఎక్కువ రకాలకు తల్లిదండ్రులిద్దరి నుంచీ మార్పు అందాలి. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు అవకాశం. మేనరికంలో ఈ అవకాశం పెరుగుతుంది. బావామరదళ్లకు ఎనిమిదో వంతు, మేనమామకూ మేనకోడలికీ నాలుగో వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి. ఇందులో పాపం ఎవరిదీ లేదు. పెళ్లి కుదుర్చుకునే ముందు తెలుసుకోవలసిన సంగతి మాత్రం ఉంది.

ఆ బిడ్డ బతుకు బాగుండటానికి జుట్టు రంగు మారనక్కర్లేదు. తొలి నెలల్లోనే కంటి డాక్టరుకు చూపించాలి. ఎండలో టోపీ, నల్ల కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా కావాలి. తరగతిలో ముందు బెంచీ, పెద్ద అక్షరాల పుస్తకం, పరీక్షలో అదనపు సమయం అడగాలి. చూపు చట్టం చెప్పిన స్థాయిలో తగ్గి ఉంటే, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దాన్ని వైకల్యంగా గుర్తిస్తుంది. మీ బడిలో, మీ వీధిలో అలాంటి బిడ్డ ఉంటే, వైకల్య ధ్రువపత్రం తీసుకున్నారో లేదో తల్లిదండ్రులను అడగండి. తీసుకోకపోతే వెంట వెళ్లి ఇప్పించండి.