తిన్నవాడు ఊరకుండరాదు

చదువవలసిన భాగము: 2 రాజులు 6:24 – 7:20



సిరియనులు షోమ్రోనును ముట్టడించినప్పుడు పట్టణములో గాడిద తల ఎనుబది వెండి రూకలు పలికెను. ద్వారము వెలుపల నలుగురు కుష్ఠరోగులుండిరి. శత్రువులు విడిచి పారిపోయిన పాళెములో వారు కడుపునిండ తిని, వెండి బంగారములు దాచుకొనిరి. అంతలో తాము చేయునది మంచిది కాదని వారికి తోచెను. తమ్మును వెలుపల ఉంచిన పట్టణమునకే వెళ్లి ఆ మంచి కబురు తెలిపిరి.

మన కాలమందును అట్టి ముట్టడి జరిగెను. సూడాను దేశములో 2023 ఏప్రిల్ 15న ఒకే దేశపు సేనల మధ్య యుద్ధము పుట్టెను. 2024లో ఎల్ ఫాషెర్ పట్టణము ముట్టడింపబడెను. ఆ జూన్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ముట్టడి ఆపవలెనని తీర్మానము చేసెను గాని అది ఆగలేదు. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వము విదేశ సహాయమును నిలిపివేయగా సూడానులో అనేక వంటశాలలు మూతపడెను. ఆ జూన్‌లో ఎల్ ఫాషెర్‌కు ఆహారము తెచ్చుచున్న లారీలపై దాడి జరిగి అయిదుగురు చనిపోయిరి. లోపలి జనులు వేరుసెనగ నూనె తీయగా మిగిలిన చెక్కను తినిరి. మనము దానిని బఱ్ఱెలకు పెట్టుదుము. 2025 అక్టోబరులో పట్టణము శత్రువుల వశమాయెను.

ఇంత దూరపు సంగతి వీపనగండ్లలో మనకెందుకందుమా? మన పాలమూరు ప్రాంతపు మెన్నొనైట్ బ్రెదరెన్ సంఘముల మూలము తలంచుకొందము. 1889లో రష్యానుండి ఫ్రీసెన్ దంపతులు తెలుగువారి యొద్దకు వచ్చి నల్లగొండలో సేవ చేసిరి. వారిని పంపిన జనులే తరువాత అక్కడి అంతర్యుద్ధములో ధాన్యమును గుఱ్ఱములను పోగొట్టుకొని ఆకలిపాలైరి. 1920లో అమెరికాలోని మెన్నొనైటులు కూడి సహాయము పంప నిశ్చయించిరి. వారు పంపిన క్లేటన్ క్రాట్జ్ అను యువకుడు ఆ యేడే అక్కడ కనబడకపోయెను, తిరిగి రాలేదు. అయినను వారు వెనుదీయలేదు. 1922 మార్చిలో వంటశాలలు తెరచిరి. దున్నుటకు 50 ట్రాక్టర్లు పంపిరి. కొందరికి ఆ అన్నము అందకమునుపే ప్రాణము పోయెను.

నిన్న పెట్టినవారు నేడు చేయి చాపవలసివచ్చెను. సహాయము ఆలస్యమైన దినములను లెక్కించినవారు ఆకలిగొన్నవారే.

ప్రభుత్వముల నిర్ణయములు మన చేతిలో లేవు. మన పిడికెడు బియ్యము ఎల్ ఫాషెర్ చేరలేదు. అయితే ఏదో తగవువలన ఊరివారు మాటలు మాని, పనికి పిలువక, అప్పు ఇయ్యక వెలివేసిన ఇల్లు మన వీధిలో ఒకటి ఉన్నయెడల అదియు ముట్టడిలోనున్న పట్టణమే. తప్పు ఎవరిదో తేలినపిమ్మట ఇత్తుమనుకొందుమా? వారు మన సంఘస్థులు కారందుమా? ఆ నలుగురు అట్లడుగలేదు, తెల్లవారువరకును ఆగలేదు. ఈ రాత్రి మన పొయ్యి వెలుగునప్పుడు ఆ తలుపు తట్టుదము.

ప్రార్థన: ప్రభువా, మేము తిన్న అన్నము నీదని ఎరిగి, ఆలస్యము చేయక పంచుకొను మనస్సు మాకిమ్ము. సూడానులో ఇండ్లు విడిచి తిరుగువారిని కాపాడుము. ఆమేన్.