సముద్రతీరమున ఒక దినము

పఠన భాగములు: మార్కు 6:30-34, యోహాను 21:1-14



ఈస్టరు పండుగ గడచినది. మినుము నూర్పిళ్లు ముగిసి పొలములలో పని తగ్గినది. ఒంటిపూట బడులు కూడ అయిపోయి పిల్లలకు సెలవులు వచ్చుచున్నవి. మే నెలలో సెలవు బైబిలు పాఠశాల మొదలగులోపల సంఘమంతయు కలిసి ఒక దినము సముద్రతీరమునకు పోయి వత్తమని మన గ్రామ సంఘములలో అనేకులు తలంచుదురు. మా సంఘమువారమును ఏప్రిల్ చివరి వారములో బాపట్ల మీదుగా సూర్యలంక తీరమునకు పోవుచుందుము. బాపట్లనుండి అది ఇంచుమించు 9 కిలోమీటర్లు. పోవుటకు ముందు ఒక సాయంకాలము పెద్దలును, యౌవనస్థులును, స్త్రీల సమాజమువారును కూడుకొని, ఆ దినమున ఏమేమి చేయవలెనో ఒక కాగితముపై వ్రాసికొనుట మాకు అలవాటు. ఆ కాగితమును గూర్చియే ఈ నెల మీతో మాటలాడ గోరుచున్నాము. ఒక దినపు విహారమును గూర్చి ఇంత ఆలోచన యెందుకని మీరు అడుగవచ్చును. మా అనుభవము చెప్పిన పిమ్మట మీరే తీర్పు తీర్చుడి.

ఇట్టి ప్రయాణమునకు రెండు అభ్యంతరములు వినబడుచుండును. మొదటిది పెద్దలది. ఈ ఖర్చు మందిరపు ప్రహరీగోడకు వేయరాదా, కూలి చేసికొని బ్రతుకు మనకు విహారయాత్ర లెందుకు అని వారందురు. ఈ మాటలో పాత బాధ యొకటి యున్నది. మన తాతల కాలమున వేసవి విశ్రాంతి అనునది దొరలకు మాత్రమే చెందినదిగా ఉండెను. 1845లో మధుర అమెరికను మిషనువారు ఎండలకును జ్వరములకును తాళలేక కొడైకెనాలు కొండమీద తమ మొదటి ఇండ్లు కట్టుకొనిరి. తరువాత ఇతర మిషనులవారును వేసవిలో కొండలకు పోవుచుండిరి. వారిని తప్పు పట్టుట మా ఉద్దేశము కాదు. వారిలో అనేకులు తమ బిడ్డలను ఈ దేశపు మట్టిలో పాతిపెట్టినవారు. అయినను వారి పెట్టెలు మోసినవారికిని, మైదానములలో నిలిచిపోయిన ఉపదేశులకును అట్టి వేసవి లేకుండెను. కాబట్టి విశ్రాంతి మనవంటివారిది కాదను తలంపు మనలో వేరూనినది.

అయితే దేవుని వాక్యము అట్లు చెప్పుటలేదు. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయములో మోషే విశ్రాంతిదినపు ఆజ్ఞను తిరిగి చెప్పునప్పుడు, యజమానునివలెనే దాసుడును దాసియు విశ్రమింపవలెనని చెప్పి, మీరును ఐగుప్తులో దాసులై యుంటిరి గదా అని జ్ఞాపకము చేసెను. ఎద్దునకును గాడిదకును సహా ఆ దినమున సెలవే. విశ్రాంతి ధనవంతుల సొత్తు కాదు. అది మొదట అలసినవానికి చెందినది.

రెండవ అభ్యంతరము యౌవనస్థులది. కాగితములు, గంటలు ఎందుకు, అక్కడికి పోయి మనస్సునకు తోచినట్లు ఉందము అని వారందురు. రేపేమి సంభవించునో ఎరుగని మీరు ఫలాని పట్టణమునకు పోదుమని నిశ్చయించుకొనుటేమని యాకోబు వ్రాసిన మాటను (4:13-15) కొందరు చూపింతురు. ఆ వచనములను సరిగా చదివినయెడల యాకోబు గద్దించినది ఏర్పాటును కాదు. ప్రభువు చిత్తమును మరచి, దినములు మన చేతిలోనే యున్నవను అతిశయమును. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనడా అని ప్రభువే అడిగెను (లూకా 14:28). స్త్రీలను పిల్లలను ముసలివారిని వెంటబెట్టుకొని నీళ్లయొద్దకు పోవువాడు ఏర్పాటు లేకుండ పోవుట విశ్వాసము కాదు, అజాగ్రత్త.

ఇంతవరకు మేము ధైర్యముగానే చెప్పగలము. ఇకమీదట చెప్పునది మా తప్పిదము.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము వేసిన ఏర్పాటు కాగితము మిక్కిలి చక్కగా ఉండెను. తెల్లవారుజామున బస్సు, సూర్యోదయమునకు తీరమున స్తుతి ఆరాధన, స్నానములు, ఉపాహారము, పిల్లలకు పరుగు పందెములు, యౌవనస్థులకు బైబిలు ప్రశ్నల పోటీ, పండ్రెండున్నరకు భోజనము, వాక్య సందేశము, ఫోటో, తేనీరు, అయిదు గంటలకు తిరుగు ప్రయాణము. ఒక్క నిమిషమైనను ఖాళీ లేదు. చెప్పిన వేళకు చెప్పినది జరుగుట చూచి మేము లోలోపల సంతోషించితిమి. ఫోటోలో అందరును ఉన్నారనియే అనుకొంటిమి.

చీకటి పడినవేళ బస్సులో ఒక చిన్నవాడు మా సంఘములోని ఒక వృద్ధురాలి ప్రక్కన కూర్చుండి, "మామ్మా, సముద్రం ఎట్లా ఉంది?" అని అడిగెను. ఆమె భర్తను కోల్పోయి, ఊడ్పులకును కలుపులకును పోయి బిడ్డలను పెంచిన తల్లి. అంతకు పూర్వము సముద్రము చూచినది కాదు. ఆమె నవ్వి, "చూసిందెక్కడరా అబ్బాయ్, హోరైతే విన్నాను" అనెను.

అప్పుడు మాకు తెలిసినది. మరి ఇద్దరు స్త్రీలతో కలిసి ఆమె ఉదయమునుండి సరుగుడు తోపులో పొయ్యియొద్దనే యుండెను. ఉపాహారమైన వెంటనే అన్నము, అన్నమైన పిమ్మట గిన్నెలు, గిన్నెలైన పిమ్మట తేనీరు. సముద్రము ఆమెకు రెండు వందల అడుగుల దూరములోనే యుండెను. మా కాగితముమీద భోజనము అని వ్రాసితిమి గాని, వంట అని ఎక్కడను వ్రాయలేదు. దానిని ఎవరు చేయుదురో ఎవరును అడుగలేదు. అడుగవలెనని మాకు తోచలేదు. మార్తను గూర్చిన ప్రసంగములు మేము పలుమారు చేసితిమి. ఆ ప్రసంగములైన పిమ్మట మార్తలు వండినదే తింటిమి.

మేము ఆమెయొద్దకు పోయి, వచ్చే సంవత్సరము తప్పక చూతువుగాని అమ్మా అని చెప్పితిమి. దానికేమి అయ్యగారూ, అందరు తిన్నారు, అదే చాలు అని ఆమె అనెను. ఆ సంవత్సరము క్రిస్మసు రాకమునుపే ఆమె ప్రభువునందు నిద్రించెను. యాకోబు పత్రికలోని ఆ వచనములు మాకు అప్పుడు తెలిసినట్లు సెమినరీలో చదివినప్పుడు తెలియలేదు. వచ్చే సంవత్సరము అని ఆమెతో చెప్పుటకు ఆ సంవత్సరము మా చేతిలో ఉన్నదా?

మార్కు 6వ అధ్యాయములో శిష్యులు సేవచేసి అలసి వచ్చిరి. భోజనము చేయుటకైనను వారికి తీరిక లేకుండెను. ప్రభువు దానిని గమనించి, జనములేని చోటికి వచ్చి కొంతసేపు అలసట తీర్చుకొనుడని వారిని పిలిచి దోనెలో తీసికొనిపోయెను. ఇది ఆయన వేసిన ఏర్పాటు. అయితే జనులు కాలినడకను పరుగెత్తి వారికంటె ముందుగా ఆ చోటికి చేరిరి. ఏర్పాటు చెడినది. ప్రభువు విసుగుకొనలేదు, కాపరిలేని గొఱ్ఱెలవలె ఉన్న వారిని చూచి కనికరపడెను. ఈ చరిత్రలో మనకు రెండు సంగతులు కలవు. అలసినవారికి విశ్రాంతి ఏర్పాటు చేయుట ప్రభువు పని. ఆ ఏర్పాటును కనికరముకొరకు విడిచిపెట్టుటయు ప్రభువు పనియే. మా కాగితములో మొదటిది సగమే యుండెను; రెండవదానికి చోటే లేకుండెను.

అప్పటినుండి మేము ఏర్పాటు వేయు విధమును మార్చుకొంటిమి. ఇతర సంఘములకు ఉపయోగపడునని దానిని ఇక్కడ తెలియజేయుచున్నాము.

మొదట, ఏమి చేయుదము అని అడుగుటకు ముందు, ఎవరు విశ్రమింపవలెను అని అడుగుచున్నాము. సంవత్సరమంతయు ఎక్కువ పాటుపడిన వారి పేరులు ముందు వ్రాయుదుము. వంటను తీరమున పెట్టుకొనము. పురుషులే ముందటి రాత్రి మందిరపు ఆవరణములో పులిహోర కలిపి, ఉడికించిన గ్రుడ్లు, అరటిపండ్లు, మంచినీళ్ల డబ్బాలు సర్దుదురు. వడ్డించువారును, ఆకులు ఎత్తువారును పురుషులే. మొదటి సంవత్సరము పులిహోరలో ఉప్పు ఎక్కువైనది. ఎవరును సణుగలేదు.

రెండవది, ఎండను బట్టి గంటలు ఏర్పరచుకొనుచున్నాము. పగలు నేల త్వరగా కాగును, సముద్రము మెల్లగా కాగును. నేలమీది వేడిగాలి పైకి లేవగా సముద్రముమీది చల్లనిగాలి ఆ చోటికి వచ్చును. ఆ గాలి హాయిగా నుండుటచేత ఎండ తగులుట తెలియదు. తెలియకయే ముసలివారును పిల్లలును సొమ్మసిల్లుదురు. కాబట్టి నీళ్లలో దిగుట ఉదయముననే. పదకొండునుండి మూడు వరకు సరుగుడు నీడలోనే.

మూడవది, పిల్లలను పదిమందికి ఒకరి చొప్పున పెద్దలకు అప్పగించుచున్నాము. లెక్క పెట్టుటయే ఆ పెద్దల పని. అలలు ఒడ్డునకు తెచ్చిన నీరు తిరిగి లోనికి పోవునప్పుడు అక్కడక్కడ ఇరుకైన ప్రవాహమై బలముగా లాగును. అట్టిచోట అలలు తక్కువగా విరుగును గనుక నీరు నెమ్మదిగా కనబడును. తెలియనివారు అదే మంచిచోటని దిగుదురు. దానిలో చిక్కినవాడు ఒడ్డునకు ఎదురీది అలసిపోకూడదు. ఒడ్డు వెంబడి ప్రక్కకు ఈది, ప్రవాహము దాటిన పిమ్మట ఒడ్డునకు రావలెను. ఈత రానివాడు తేలుటకు ప్రయత్నించుచు చేయి యెత్తి కేక వేయవలెను. అన్నిటికంటె మేలైనది, ఈత రానివారు మోకాళ్ల లోతు దాటకుండుటయు, అక్కడి కావలివారు వద్దన్న చోట దిగకుండుటయు.

నాలుగవది, తీరమున నివసించు జాలరులను మరువకూడదు. మన తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, ఇంజను పడవలు వేటకు పోకూడదని ప్రభుత్వపు నిబంధన యున్నది. అది చేపలు గ్రుడ్లుపెట్టి పెరుగు కాలము. ఏడవ యేట భూమికి విశ్రాంతి నియ్యవలెనని లేవీయకాండము 25వ అధ్యాయము చెప్పుచున్నది. ఇది సముద్రమునకు ఇచ్చు విశ్రాంతి వంటిది. అయితే మన విహారపు దినములే వారికి సంపాదన లేని దినములు. ప్రభుత్వ సహాయ మున్నను ఇల్లు గడుచుట కష్టము. ఒడ్డునకు లాగిన పడవలయొద్ద ఫోటోలు తీసికొనుటకు పరుగెత్తు మనము, ఆ పడవల యజమానులను పలుకరించుట నేర్చుకొనవలెను. వారి స్త్రీలు అమ్మునదేదైన కొన్నప్పుడు రూపాయికి రెండు రూపాయలకు బేరమాడకూడదు. మన ఆకులు, సీసాలు, సంచులు వారి యింటి ముంగిట విడిచి రాకూడదు.

అయిదవది, ఒక గంటసేపు కాగితముమీద ఏమియు వ్రాయము. దానిని ఖాళీగా విడుచుదుము. ఆ గంటలో పాట లేదు, పోటీ లేదు, మా సందేశమును లేదు. మొదటిసారి సముద్రము చూచువారిని చేయి పట్టి నీళ్లయొద్దకు నడిపించుదుము. వారు ఎంతసేపు నిలుచుందురో అంతసేపు ప్రక్కన నిలుచుందుము. మనుష్యుడు తన హృదయములో త్రోవ యోచించుకొనినను అడుగులు స్థిరపరచువాడు యెహోవాయే అని సామెతలు 16వ అధ్యాయములో చదువుచున్నాము గదా. ఆయన అడుగులు త్రిప్పుటకు మన కాగితములో కొంత చోటైనను ఉండవద్దా?

ప్రియులారా, ఈస్టరు తరువాతి ఈ దినములలో యోహాను 21వ అధ్యాయమును మరల చదువుడి. శిష్యులు రాత్రియంతయు వల వేసి ఏమియు పట్టలేదు. అది తిబెరియ సముద్రమని పిలువబడినను ఇంచుమించు 21 కిలోమీటర్ల పొడవు, 13 కిలోమీటర్ల వెడల్పు గల మంచినీటి సరస్సే. తెల్లవారుచుండగా ఒడ్డున ఒకరు నిలిచియుండిరి. వారు దిగి వచ్చి చూడగా అక్కడ నిప్పులును, వాటిమీద చేపయు, రొట్టెయు సిద్ధముగా నుండెను. మరణమును జయించి లేచిన ప్రభువు, పరలోకమందును భూమిమీదను సర్వాధికారము పొందినవాడు, అలసిన జాలరులకు తానే నిప్పు రాజేసి వంట చేసెను. రండి, తినుడని పిలిచి తానే వడ్డించెను. వలలో పడిన 153 చేపలను గూర్చి మనము ఎన్నో ప్రసంగములు వినియున్నాము. పొయ్యియొద్ద ఎవరు కూర్చుండెనో దానిని గూర్చి తక్కువగా వినియున్నాము.

సరుగుడు తోపులో ఆ తల్లి కూర్చున్న చోటు నిజముగా ప్రభువు కూర్చున్న చోటే. ఆమె దానిని సంతోషముగా చేసెను. ఆమె ప్రతిఫలము ప్రభువునొద్ద ఉన్నది. అయితే ఆమె సంతోషము మా తప్పిదమును కప్పదు. ఆ చోట ఒక గంట మేము కూర్చుండి, ఆమెను లేపి అలలయొద్దకు పంపియుండవలసినది.

ఈ వేసవిలో మీరు సముద్రమునకు పోయినను, కొండకు పోయినను, బంధువుల యింటికి పోయినను, మీ ఏర్పాటు కాగితమును ఒకసారి ప్రార్థనతో చదువుడి. మన విశ్రాంతికొరకు పొయ్యియొద్ద మిగిలిపోవువా రెవరో చూడుడి. అది మీ తల్లియో, భార్యయో, కోడలో, కూలికి పిలిచిన మనిషియో కావచ్చును. వచ్చే సంవత్సరమని వారికి చెప్పకుడి.

అలసినవారిని తనయొద్దకు పిలిచిన ప్రభువు మన ప్రయాణములను కాచి, మన విశ్రాంతిని పవిత్రపరచునుగాక. ఆమేన్.