గోవింద నామము – గోపాలక ధర్మము

తిరుమల కొండనెక్కు భక్తుల నోట నిరంతరము వినవచ్చునది గోవింద నామము. ఈ నామము పరమాత్మకు అభిషేక పూర్వకముగా లభించినది గోవర్ధనగిరి చెంత, గోపాలకుల నడుమ. పచ్చికకొరకును నీటికొరకును పశుపాలకులు ఒకరినొకరు హతమార్చుకొనుచున్న ఈ కాలమున ఆ నామార్థమును విచారించుట ఆస్తికులకు విధియై యున్నది.

నందవ్రజము గోకులమును వీడి బృందావనమునకు తరలిన వృత్తాంతము సర్వవిదితము. శ్రీమద్భాగవతమున ఉత్పాతములకు వెరచి వృద్ధుడైన ఉపనందుడు ఈ ప్రయాణమును ప్రతిపాదించెను. హరివంశమున మరియొక కారణము కానవచ్చును. చిరకాలము వాడుకొనుటచే అచటి పచ్చికయు కట్టెయు తరిగిపోయెననియు, దట్టమైన అడవి బయలైపోయెననియు శ్రీకృష్ణుడే బలరామునితో పలికెను. స్వామి తలచినచో క్షణములో పచ్చిక మొలిపింపజాలడా? అయినను మొలిపింపలేదు. భూమి శక్తికి ఒక మేర కలదనియు, ఆ మేర నెరిగి మెలగుటయే గోపాలక ధర్మమనియు లోకమునకు తెలిపెను.

నాడు తరలిపోవుటకు బృందావనము ఉండెను. నేడు పశుపాలకుడు ఎచటికి తరలినను అచట మరియొకడు ముందే యుండును. ఆఫ్రికా ఖండపు తూర్పు కొమ్మునగల ఇథియోపియా, సోమాలియా, కెన్యా దేశములలో లక్షలాది జనులు ఆవులను, ఒంటెలను, మేకలను నమ్మి జీవించుచున్నారు. ఆ నేలలో అనేక ప్రాంతములకు ఏటా రెండు వానకార్లు. 2020 చివరనుండి 2022 చివరవరకు వరుసగా ఐదు వానకార్లు తప్పెను. ఆ మూడు దేశములలో 90 లక్షలకు మించి పశువులు నశించెను. పిమ్మట 2023 చివర కుంభవృష్టి కురిసి, ఎండిన నేలనే వరదలు ముంచెను.

బొగ్గును, చమురును అపరిమితముగా మండించుటచే భూమి వేడెక్కి, నేలలోని తేమ త్వరగా ఆవిరియగుచున్నది. ఈ భూతాపమే అంతటి కరవు సంభవించు అవకాశమును కనీసము 100 రెట్లు పెంచెనని శాస్త్రజ్ఞులు 2023లో నిర్ధారించిరి. లోకమున ఎగయు ఆ పొగలో ఆ పశుపాలకుల పాలు అత్యల్పము. అపరాధము ఒకరిది, అనుభవము మరియొకరిది.

అయితే నీరు తరిగినంతనే కలహము పుట్టునా? అట్లనరాదు. కెన్యా దేశపు వాయవ్యమున తుర్కానా, పోకోట్ అను రెండు పశుపాలక జాతులు కలవు. ఒకరి మందలను మరియొకరు తోలుకపోవుట వారికి పూర్వమునుండి ఉన్నదే. విరాటపర్వమునందలి గోగ్రహణము వంటిది. కాని నాడు వారి చేత నుండినవి ఈటెలు. 1979లో పొరుగున ఉగాండాలో ఇదీ అమీన్ ప్రభుత్వము కూలినపుడు, మొరోటో సైనిక స్థావరములోని ఆయుధములు కొల్లపోయి ఆ ప్రాంతమునంతటను వ్యాపించెను. అప్పటినుండి గోగ్రహణము ఘోర మారణమయ్యెను. మరియొక వింత గమనింపదగును. ఇరువర్గముల నడుమనున్న బీడులలో మేత ఉన్నను, ప్రాణభయముచే ఎవరును మందలను అటు తోలరు. కరవు కలహమును పెంచుట నిజమే. కలహము సైతము కరవును పెంచును.

ఆ ప్రాంతమునందే మేలు మార్గమును కూడ చూడవచ్చును. దక్షిణ ఇథియోపియాలోని బోరన జనులకు తరతరములుగా వచ్చిన లోతైన బావులు కలవు. పురుషులు బావిలో ఒకరిపైనొకరుగా మెట్టుమెట్టున నిలిచి, పాడుచు, నీటి పాత్రలను చేతినుండి చేతికి అందింతురు. ఏ మంద ఏనాడు త్రాగవలెనో నిర్ణయించుటకు వంతులపెద్ద ఒకడు ఉండును. బావికి పూడిక తీయుటలో అందరును పాలుపంచుకొందురు. బావికడ కలహించుట శాంతిభంగమని వారి కట్టుబాటు. వారును పొరుగువారితో పోరులు లేనివారు కారు. అయినను వంతు తప్పని బావి ఉన్నంతకాలము బలవంతుని మందయు, బలహీనుని మందయు బ్రదుకును.

ఇదియే గోవర్ధన వృత్తాంతపు సారము. ఏడు దినములు రాళ్లవాన కురియగా వ్రజమంతయు, ఆలమందలతో సహా, ఒక్క గొడుగు క్రింద నిలిచెను. ‘నా ఆవులు, నీ ఆవులు’ అను భేదము అచట లేదు. పిదప శరణన్న ఇంద్రుని స్వామి శిక్షింపలేదు; పదవినుండి తొలగింపలేదు. గర్వమును విడిచి నీ పని నీవు చేయుమని పంపెను. అంతట సురభి తన క్షీరముతోను, ఇంద్రుడు ఐరావతము తెచ్చిన ఆకాశగంగా జలముతోను అభిషేకించి గోవిందుడని కీర్తించిరి. పగ తీరినచోట లభించిన నామమది.

ధనుర్మాసమున ఇంటింట అనుసంధించు తిరుప్పావైని గమనింపుడు. అది గొల్లపడుచుల వ్రతము. నెలకు మూడు వానలు కీడు లేకుండ కురియవలెనని మూడవ పాశురమున గోదాదేవి కోరినది. కాని అంతకుముందే, రెండవ పాశురమున, నియమములను చెప్పినది: నేయి, పాలు వర్జించుట, అలంకారములను మానుట, కొండెములు పలుకకుండుట, శక్తికొలది దానము చేయుట. ముందు నియమము, పిదప వర్షప్రార్థన. భోగమును తగ్గించుకొనని నోట వానను కోరుట ఆమె చూపిన మార్గము కాదు.

మన తెలంగాణములోని గొఱ్ఱెల కాపరులు వేసవిలో మేత వెదకుచు మందలతో కృష్ణా డెల్టాకు పోవుదురు. రైతులు కోతలైన పొలములలో మందలను పెట్టించుకొందురు. గొఱ్ఱెలకు మేత, పొలమునకు ఎరువు. కాపరియు రైతును శత్రువులు కానక్కరలేదని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము ఏల? ఆ దారులను మూసివేయక కాపాడుటయు గోసేవయే. ఊరి చెరువును పూడనీయకుండుటయు, దారినపోవు మందను నీటినుండి తరిమివేయకుండుటయు, దీపమునందును వాహనమునందును అవసరమునకు మించి ఇంధనమును దహింపకుండుటయు గృహస్థునకు సాధ్యములే.

‘గో’ శబ్దమునకు ఆవు అనియు, భూమి అనియు అర్థములు. ఆవును పూజించి భూమిని పీల్చివేయువాడు ఆ నామమును సగమే పలికినవాడగును. తన వంతు త్రాగి ప్రక్కవానికి చోటిచ్చిన చేతులు జోడించి ‘గోవిందా’ యని పిలిచినచో, ఆ పిలుపు ఏడుకొండలవానికి తప్పక వినవచ్చును.