సరోల్గా ఏ జాతి?

ఢిల్లీ జియా సరాయ్‌లో సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్ష రాసేవాళ్లకి జీవశాస్త్రం చెబుతాను. జాతి అంటే ఏమిటో చెప్పాల్సిన రోజు బోర్డు మీద రెండు కొంగలు గీస్తాను. సారసం మనకి దగ్గరిదే. గ్రేటర్ నోయిడా దాటి ధనౌరీ చెరువుకి వెళ్తే జంటగా కనిపిస్తుంది. ఇంచుమించు ఆరడుగుల ఎత్తు, ఎరుపు తల నుంచి మెడ పైభాగం దాకా దిగుతుంది, కాళ్లు గులాబీ రంగు. బ్రోల్గా ఆస్ట్రేలియాది. ఎరుపు తలచుట్టూ పట్టీలా ఆగిపోతుంది, కాళ్లు బూడిదరంగు, గడ్డం కింద నల్లటి తిత్తి వేలాడుతుంది.

సారసాలు ఆస్ట్రేలియాలో ఉన్నాయని 1966లో గుర్తించారు. క్వీన్స్‌లాండ్‌లో ఈ రెండూ జతకడుతున్నాయి, పుట్టిన పిల్లలూ సంతానాన్ని కంటున్నాయి. ఆ పిల్లల్ని సరోల్గాలంటారు. జాతులు వేరైతే జతకట్టవన్న జీవశాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ మైర్ 1942 నాటి నిర్వచనం ఇక్కడ తడబడుతుంది.

జాతి అన్న మాట తర్కశాస్త్రంలోనూ ఉంది. మా నాన్నగారి దగ్గర తర్కసంగ్రహం చదువుకున్నాను. అది రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే. ఆ శాస్త్రంలో జాతి నిత్యం, ఏకం. ఒక సారసం చచ్చినా సారసత్వం చావదు. అయితే ప్రతి ధర్మమూ జాతి కాలేదని తార్కికుడు ఉదయనుడు ఆరు బాధకాలు, అంటే అడ్డంకులు, చెప్పాడు. వాటిలో సాంకర్యం ఒకటి: విడివిడిగానూ ఉండే రెండు ధర్మాలు ఒకచోట కలవడం. ఆకాశం పంచభూతాల్లో ఒక భూతమే గాని మూర్తం (పరిమితమైన పరిమాణం ఉన్నది) కాదు, మనస్సు మూర్తమే గాని భూతం కాదు, నేలా నీరూ రెండూను. అందుకే భూతత్వం, మూర్తత్వం జాతులు కావు, ఉపాధులు, అంటే ఆరోపిత ధర్మాలు. సరోల్గాలో రెండూ కలుస్తాయి గనక, అది పుట్టాక సారసత్వానికీ బ్రోల్గాత్వానికీ అదే గతి. సరోల్గాది మూడో జాతి అని తప్పించుకోవచ్చు. మరి అది మళ్లీ బ్రోల్గాతో కలిస్తే నాలుగోదా? దానికి అంతెక్కడ?

సంకరం పెరిగితే బ్రోల్గా మిగలదని అక్కడ కొందరి భయం. జాతే లేదన్నాక ఆ భయం దేనికని మా విద్యార్థులు అడుగుతారు. నాకు మాత్రం అప్పుడే ఆ భయం అర్థవంతమనిపిస్తుంది. నిత్యమైన జాతికి కాపలా అక్కర్లేదు. ఉపాధి పోతుంది గనకే పట్టించుకోవాలి.

అయినా వాల్మీకి దుఃఖించింది జాతి గురించి కాదు. బోయవాడి బాణానికి పడిన ఒక్క క్రౌంచం గురించి, దాని పెంటి ఏడుపు గురించి. ఆ క్రౌంచం సారసమేనని కొందరు పండితుల మాట. ఆ లెక్కన సరోల్గా పిల్లకీ మన దయలో వాటా ఉందా సార్ అని ఒకమ్మాయి అడిగింది. ఉందమ్మా అన్నాను. బ్రోల్గాని కాపాడే పేరుతో ఆ పిల్లని చంపడానికి నేను ఒప్పుకోను, దాన్ని కన్నది సారసమైనా, బ్రోల్గా అయినా.