మట్టికి మళ్లే మూర్తి

వినాయక చవితి మూర్తి కొద్ది రోజుల కోసం పుట్టినది. గుడిలోని ధ్రువమూర్తి శిలతో చేసినది, ఒకసారి ప్రతిష్ఠ జరిగాక కదలదు. చవితి మూర్తి అలా కాదు. భాద్రపద శుద్ధ చవితి ఉదయం దాకా అది మట్టి. ఆవాహన, ప్రాణప్రతిష్ఠ అయ్యాక దేవుడు. షోడశోపచారాలు అందుకుని, ఉద్వాసన చెప్పించుకున్నాక మళ్లీ మట్టే. ఆ తర్వాత నీళ్లలో కలుస్తుంది. ఈ మూర్తిని దేనితో చేయాలన్న ప్రశ్న ఈ మధ్య పర్యావరణం పేరుతో వినిపిస్తోంది గానీ, దాని వేళ్లు పూజావిధిలోనే ఉన్నాయి.

ఆ విధిని దగ్గరగా చూడాలంటే పసుపు గణపతిని చూడాలి. పెళ్లయినా, వ్రతమైనా, గృహప్రవేశమైనా ముందు తమలపాకు మీద బొటనవేలంత పసుపు ముద్ద నిలబెడతారు. తడి ఆరకముందే దానికి కుంకుమ బొట్టు పెట్టి, అక్షింతలు వేసి, బెల్లం ముక్క నైవేద్యం పెడతారు. పూజ కాగానే తమలపాకును ఈశాన్యం వైపు కొద్దిగా కదుపుతారు. ఉద్వాసన అంటే అంతే. దేవుడిని స్వస్థానానికి వెళ్లమని వేడుకోవడం, ఆ వెళ్లడానికి గుర్తుగా రూపాన్ని కదపడం. మిగిలిన పసుపు నీళ్లలో ఇట్టే కరిగిపోతుంది. కోట్ల బ్రహ్మాండాలకు అధిపతి అని కొలిచిన దైవానికి అరచేతిలో ఇమిడే ముద్ద సరిపోయింది. దాన్ని కరిగించడం అపచారమని ఎవరికీ తోచలేదు.

భావమే ప్రధానం, పదార్థం కాదు కదా, భక్తి ఉంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహమైతే మాత్రం ఏం తక్కువ అని ఒక వాదం ఉంది. పూజ జరుగుతున్నంతసేపూ ఆ మాట నిజమే. దేవుడు ఫలానా పదార్థంలోకి రాడని అనే హక్కు ఎవరికీ లేదు. చిక్కు ఉద్వాసన తర్వాత వస్తుంది. దైవం వెళ్లిపోయిందని మంత్రపూర్వకంగా ఒప్పుకున్నాక చెరువులో పడేది పదార్థమే. దానికి మామూలు ధర్మాలన్నీ వర్తిస్తాయి. నీళ్లలో మలమూత్రాలు, ఉమ్మి, రక్తం, విషం వదలకూడదని మనుస్మృతి నాలుగో అధ్యాయం గృహస్థుకు నియమం పెట్టింది. విగ్రహాల రంగుల్లో వాడే సీసం, కాడ్మియం, క్రోమియం సమ్మేళనాలు ఆ చివరి మాట కిందికి వస్తాయనడానికి పెద్ద వ్యాఖ్యానం అక్కర్లేదు.

పైగా ప్లాస్టర్ కరగదు. జిప్సం రాతిని 150 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తే అందులోని నీరు చాలావరకు పోయి పొడి అవుతుంది. ఆ పొడికి నీళ్లు కలిపితే మళ్లీ జిప్సంగా గట్టిపడుతుంది. లీటరు నీటిలో అది రెండు గ్రాములకు కాస్త పైన మాత్రమే కరుగుతుంది. అందుకే నిమజ్జనం మర్నాడు చెరువు గట్టున తొండం విరిగి, ఇనుప చువ్వలు బయటపడి, సగం రంగు వదిలిన మూర్తులు కనిపిస్తాయి. నిన్న హారతి ఇచ్చిన ముఖాన్ని ఇవాళ క్రేన్ పైకి తీస్తుంటే చూడడం భక్తుడికి కష్టం. వెళ్లిరమ్మన్నాక కూడా రూపం వెళ్లలేకపోయింది. విధి అక్కడ అసంపూర్ణంగా మిగిలిపోయింది.

శాస్త్రం నుంచే మరో అభ్యంతరం కూడా వస్తుంది. వ్రతకల్పాలు విత్తశాఠ్యం వద్దంటాయి. అంటే ఉన్నవాడు దేవుడి దగ్గర పిసినారితనం చూపకూడదు. అలాంటప్పుడు పెద్ద మూర్తి, పెద్ద పందిరి తప్పెలా అవుతాయి? కానీ ఆ నియమం ఖర్చు గురించి చెబుతుంది, ఎత్తు గురించి కాదు. అన్నదానానికి పెట్టినదీ ఖర్చే. ఆకో, పువ్వో, పండో, కాసిన్ని నీళ్లో భక్తితో ఇస్తే చాలని గీత తొమ్మిదో అధ్యాయం చెబుతోంది.

పత్రిది మరో సంగతి. మాచిపత్రం, వాకుడు, ఉత్తరేణి, వావిలి, జిల్లేడు, తెల్లమద్ది, జమ్మి, గరిక వంటి ఇరవై ఒక్క పత్రాలు ఔషధాలని, అందుకే పూజలో పెట్టారని తరచూ చెబుతారు. ఆ వాదంతో ఆకుకు విలువ పెరుగుతుందేమో గానీ పూజ మాత్రం మందుల చీటీ అయిపోతుంది. ఏటా ఒకసారైనా పొలం గట్టున పెరిగే పిచ్చిమొక్కను పేరు పెట్టి పిలిచి దేవుడి పాదాల దగ్గర పెట్టడమే అందులోని గొప్ప. తులసి కోసేముందు క్షమాపణ చెప్పడం, ద్వాదశినాడు కోయకపోవడం లాంటి ఆచారాలు తుంచడానికీ హద్దు గీశాయి. ఆ హద్దు దాటితే ప్రకృతిసిద్ధమైనదీ కీడు చేస్తుంది. బస్తాల కొద్దీ పత్రి చెరువులో కుళ్లితే నీటిలో ఆక్సిజన్ తగ్గి చేపలు చస్తాయి. అలంకరణలో ఇంటి పద్ధతి పాలవెల్లి. చెక్క చట్రం ఏటికేడు అదే. కట్టిన మొక్కజొన్న కంకులు, పళ్లు తర్వాత వంటింటికి చేరతాయి. థర్మోకోల్ మండపానికి పండగ అయ్యాక చేరే చోటు లేదు.

1893లో తిలక్ పుణెలో గణేశోత్సవాన్ని వీధిలోకి తెచ్చాక, ఇంటి మూర్తికి ఉన్న కొలత ఊరి మూర్తికి లేకుండా పోయింది. హైదరాబాద్ ఖైరతాబాద్‌లో 1954లో ఒక్క అడుగుతో మొదలైన విగ్రహం దశాబ్దాల్లో యాభై అడుగులు దాటింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాలు ప్లాస్టర్, ప్లాస్టిక్, థర్మోకోల్ విగ్రహాలు వద్దన్నాయి. 2022లో ఖైరతాబాద్ మూర్తిని మొదటిసారి మట్టితో, యాభై అడుగుల ఎత్తున నిలబెట్టారు. అంత మూర్తి మట్టితో సాధ్యం కాదన్న మాట ఆ ఏడుతో పోయింది. అయితే మట్టి బరువెక్కువ, ఆరడానికి రోజులు పడుతుంది, పగుళ్లిస్తుంది. అచ్చుల్లో ప్లాస్టర్ పోసి విగ్రహాలు చేసి బతికే హైదరాబాద్ ధూల్‌పేట పనివాళ్ల మీద ఈ మార్పు భారమంతా పడేయడం ధర్మం కాదు. మట్టి మూర్తికి ఎక్కువ ధర ఇవ్వడం కొనేవాళ్ల బాధ్యత.

చివరిగా మిగిలేది బకెట్ నిమజ్జనం. నదిలోనో చెరువులోనో కలపకపోతే చెల్లుతుందా అన్న సందేహం నిజమైన భక్తికి సహజమే. జవాబు పూజ మొదట్లోనే ఉంది. కలశారాధనలో చెంబెడు నీళ్ల మీద చెయ్యి పెట్టి గోదావరిని, గంగను, కావేరిని, సింధువును, నర్మదను, యమునను, సరస్వతిని అందులోకి రమ్మని పిలుస్తారు. ఆ నీళ్లతోనే దేవుడికి స్నానం చేయిస్తారు. పొద్దున చెంబులోకి వచ్చిన నదులు సాయంత్రం బకెట్‌లోకి రాకుండా ఉండవు.