పొయ్యి వెలిగించక ముందు

వాక్యభాగం: యోహాను 21:9-15

పులిహోర చేసేటప్పుడు మా అమ్మ నూనె కాగాక దేనికోసమూ వెతకదు. చింతపండు ముందే నానబెట్టి గుజ్జు తీసి ఉంచుతుంది. అన్నం వెడల్పాటి పళ్ళెంలో ఆరబోసి ఉంటుంది. పోపుల డబ్బా మూత తీసి, ఎండుమిర్చి తుంచి, కరివేపాకు దూసి పక్కన పెట్టుకున్నాకే పొయ్యి వెలిగిస్తుంది. ఆవాలు చిటపటమన్నాక కరివేపాకు కోసం పెరట్లోకి పరుగెత్తితే పోపు మాడిపోతుంది.

ఆఫీసులో ఒక ప్రాజెక్టు నా చేతికొచ్చినప్పుడు ఈ పాఠం మరిచాను. ఎవరికి ఏం కావాలో కనుక్కోకుండానే పని మొదలుపెట్టించాను. గడువు దగ్గరపడ్డాక ఒక్కొక్కటే వెతుక్కున్నాం. రాత్రంతా మేలుకొని పనిచేసిన కుర్రవాడు పొద్దున్నే ఎదురైతే "టిఫిన్ చేశావా?" అని అడగలేదు. "ఎంతవరకు వచ్చింది?" అన్నాను. ఎర్రబడ్డ అతని కళ్ళు ఇప్పటికీ గుర్తొస్తాయి.

తిబెరియ సముద్రం మీద ఏడుగురు శిష్యులు రాత్రంతా శ్రమపడ్డారు, ఒక్క చేపా పడలేదు. తెల్లవారాక ప్రభువు చెప్పిన వైపు వేస్తే వల నిండింది. ఒడ్డుకు వచ్చేసరికి నిప్పులు, వాటి మీద చేప, రొట్టె సిద్ధంగా ఉన్నాయి. అలసి వచ్చేవాళ్ళ ఆకలి ఆయనకు ముందే తెలుసు. అయినా వాళ్ళు పట్టిన వాటిలో కొన్ని తెమ్మన్నాడు. 153 పెద్ద చేపలు లాగిన ఆ చేతుల కష్టానికీ తన భోజనంలో చోటిచ్చాడు.

ఆ ఏడుగురిలో ఒకడైన పేతురు అంతకుముందు ఆయనను ఎరగనని బొంకింది కూడా నిప్పుల దగ్గర చలి కాచుకుంటూనే. ఆ గాయం ఇద్దరి మధ్యా ఉంది. ప్రభువు మాత్రం అందరూ తిన్నాకే పేతురును పలకరించాడు. తనను ప్రేమిస్తున్నావా అని అడిగి, తన గొర్రెలను అతనికే అప్పగించాడు. "ముందు అన్నం తిను, తర్వాత మాట్లాడుకుందాం" అనే అమ్మ మాట నాకు ఆ ఒడ్డున వినిపిస్తుంది.

అమ్మ వంట తినేవాళ్ళను తలచుకోవడంతో మొదలవుతుంది. మన పనీ అలాగే మొదలవ్వాలి. ఈ రోజు కంప్యూటర్ తెరిచే ముందు పది నిమిషాలు కూర్చుందాం. ఎవరికి ఏది, ఎప్పటికి కావాలో రాసుకుందాం. ఎవరి కష్టం మన కంట పడలేదో గుర్తుచేసుకుందాం. తప్పు చేసినవాళ్ళతో మాట్లాడాల్సి వస్తే ముందు వాళ్ళ అలసట చూద్దాం.

ప్రార్థన: ప్రభువా, మా కోసం ముందే నిప్పు రాజేసి ఎదురుచూసినవాడా, నా తొందరను క్షమించు. నాతో పనిచేసేవాళ్ళ ఆకలి, అలసట నా కళ్ళకు కనబడనివ్వు. ఆమేన్.