విప్పని మూటలో ఆనందం

 

పాత బట్టలు, పాత పుస్తకాలు అమ్మేవాళ్లు ఈమధ్య ‘మిస్టరీ బండిల్’ అని ఒకటి పెడుతున్నారు. లోపల ఏముందో చూపించరు. మూటకు ఇంత, అంతే. ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి మన పిల్లలూ తెప్పించుకుంటున్నారు. విప్పేటప్పుడు వాళ్ల మొహాలు చూడాలి! ఒక మంచి చొక్కా బయటపడితే పండగే. పెద్దవాళ్లకు మాత్రం మనసు చివుక్కుమంటుంది. "ఎవరో విడిచిన బట్టలు మనకెందుకురా?" అంటారు.

ఆ మాటను తేలిగ్గా తీసెయ్యకండి. చండాలులు శవాల మీది బట్టలే కట్టాలని, శూద్ర సేవకుడికి వాడిన బట్టలు ఇవ్వాలని మనుస్మృతి పదో అధ్యాయం శాసించింది. 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ నాయకత్వంలో తగలబెట్టింది ఆ పుస్తకాన్నే. దొర విడిచిన పంచె రెండు చేతులా అందుకున్న తాతల జ్ఞాపకం మన ఇళ్లలో ఇంకా ఉంది.

అయితే అవమానం బట్టలో ఉందా, బలవంతంలో ఉందా? ఆలోచించండి. చెత్తకుప్పల్లో, శ్మశానాల్లో దొరికిన గుడ్డలు ఏరి, ఉతికి, కుట్టి భిక్షువులు చీవరంగా కట్టుకున్నారు. పంసుకూలం అంటే అదే. శాక్య వంశపు ఆనందుడు, మంగలి ఉపాలి ఒకే సంఘంలో ఒకే తీరు చీవరంతో నిలబడ్డారు. కొలంబియాలో చదివే రోజుల్లో బాబాసాహెబ్ న్యూయార్క్‌లో సుమారు 2000 పాత పుస్తకాలు కొన్నారని ఆయన జీవితచరిత్ర చెబుతుంది. మన కష్టార్జితంతో, మన ఇష్టంతో కొన్నదానికి సిగ్గుపడే పనిలేదు.

ఇక రెండో ప్రశ్న. ఆ ఆనందం ఎక్కడుంది? విప్పకముందు మనసు ఉరకలేస్తుంది. విప్పాక ఓ పావుగంట. ఆ తర్వాత, "ఇంకోటి తెప్పిద్దామా?" వేదన నుంచి తణ్హ పుడుతుందని బుద్ధుడు చెప్పింది దీన్నే. ఇక్కడ వేదన అంటే నొప్పి అని కాదు, అనుభూతి అని. తణ్హ అంటే తృష్ణ. సంతోషపడటం తప్పుకాదు, పిల్లల్ని తిట్టకండి. చెయ్యి మళ్లీ ఫోన్ మీదికి పోయే ఆ క్షణాన్ని కనిపెట్టుకోమని చెప్పండి. సతి, అంటే ఎరుక, కావాల్సింది అక్కడే.

మూటలో ఒకటి నచ్చుతుంది, నాలుగు మూలన పడతాయి. వాటి సంగతి? కోసంబిలో ఉదేన మహారాజు రాణులు ఆనందుడికి 500 వస్త్రాలు ఇచ్చారు. ఇన్ని ఏం చేసుకుంటారని రాజు అడిగాడు. చీవరాలు చిరిగినవాళ్లకు పంచుతామన్నాడు ఆనందుడు. మరి పాత చీవరాలు? పక్కమీద పరుస్తాం. అవి పాతబడితే పరుపు గలీబులు, ఆపైన నేలమీద పరుపులు, కాళ్లు తుడుచుకునే గుడ్డలు, దుమ్ము దులిపే గుడ్డలు. చివరికి ఆ పీలికల్ని మట్టిలో కలిపి నేల అలుకుతాం.

మూట కొనండి, సంతోషంగా విప్పండి. అందులోని ప్రతి గుడ్డా ఒక ఒంటికో, ఒక పనికో చేరాకే రెండో మూట సంగతి చూడండి.

భవతు సబ్బ మంగళం.